ఎదురు గొరుగుడు – కత్తి పట్టు

క్షౌరం మీద కళాశాల సంచికలో వ్యాసమేమిటని నవ్వుకునే మిత్రులుండవచ్చు. కఠోపనిషత్తు అంతటిది జ్ఞానమార్గాన్ని క్షురధారతో పోల్చింది. ఆ క్షురాన్ని చేత పట్టడమెలాగో తెలుసుకోవడం చిన్నతనమేమీ కాదు. నాకీ పాఠం చెప్పినది పుస్తకాలు కావు. రాజమహేంద్రవరం కోటిలింగాల రేవు దగ్గర పనిచేసిన ఒక పెద్దాయన. ఆయన చెప్పినదాన్నే నాకు తెలిసిన కాస్త లెక్కతో కలిపి చెబుతాను.

ముందు వెంట్రుక వాలు తెలుసుకోవాలి. రెండు రోజుల గడ్డం మీద వేలికొసతో రాసి చూడండి. నున్నగా జారితే వాలు, గరగరమంటే ఎదురు. బుగ్గల మీద వాలు సాధారణంగా కిందికే వుంటుంది. మెడ దగ్గర అలా కాదు. కొందరికి పైకి, కొందరికి పక్కకి, కొందరికి సుడి తిరిగి వుంటుంది. ఎవరి మెడ వాళ్లే చదువుకోవాలి. మొదటిసారి వాలుకి, రెండోసారి అడ్డంగా, చివరిసారి మాత్రమే ఎదురుకి గొరగాలి. ప్రతిసారీ కొత్తగా నురగ పట్టించాలి.

ఇక పట్టు. మడత కత్తిలో అంచు, వెన్ను, వెనక సన్నని కాడ, కాడ చివర వంకీ తిరిగిన తోక, పిడి వుంటాయి. పిడిని గుప్పిట పట్టేవాడికి కత్తి లొంగదు. బొటనవేలు కాడ అడుగున, నడిమి మూడు వేళ్లు కాడ వీపు మీద, చిటికెన వేలు తోక వంకీలో. ఇది వాలు పట్టు. ఎదురుకి వేళ్లు మార్చనక్కర్లేదు. మణికట్టును మనవైపు కొంచెం తిప్పితే అంచు పైకి చూస్తుంది. అప్పుడు మెడ కింద నుంచి దవడ దాకా పైకి గీయాలి. గీత అంగుళం మించకూడదు.

అసలు కిటుకు కోణంలో వుంది. వాలుకి గొరిగేటప్పుడు వెన్నుకీ చర్మానికీ మధ్య రెండు వెన్నుల మందం ఖాళీ వుంటే సుమారు 30 డిగ్రీలవుతుంది. ఎదురుకి ఒక వెన్ను మందం చాలు, అంటే అందులో దాదాపు సగం. కారణమేమిటంటే, ఎదురుకి వెళ్లే అంచు వెంట్రుకను లేవనెత్తుతుంది. కత్తి నిటారుగా వుంటే వెంట్రుక తెగేలోగా చర్మాన్ని కూడా లాగుతుంది, ఆ ఉబ్బిన చర్మమే తెగుతుంది. అందుకే రెండో చేత్తో చర్మాన్ని గీతకు వ్యతిరేకంగా, కిందికి బిగలాగి పట్టాలి. గొంతు ముడి దగ్గర చర్మాన్ని పక్కకి జరిపి గొరగాలి. కత్తిని అంచు పొడవునా పక్కకి జార్చారో, తెగినట్టే!

ఎంత బలం వాడాలి? పెద్దాయన మాటల్లోనే చెబుతాను: “ఆయ్, తొయ్యకూడదండి మాస్టారూ! దాని బరువుకి అదే ఎల్తాది. తొయ్యాలనిపించిందంటే పదును పోయిందని లెక్క.” అప్పుడు తోలుపట్టీ మీద వెన్ను ముందు, అంచు వెనక వచ్చేలా రాయాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, ఉక్కు ఇట్టే తుప్పు పడుతుంది. తుడిచి, ఆరబెట్టి, చుక్క కొబ్బరినూనె రాసి దాచాలి.

మొటిమలున్నవారు, రింగుల గడ్డం వారు ఎదురు గొరుగుడు మానుకోవడమే మేలు. మరీ మొదలంటా తెగిన వెంట్రుక లోపలికే మొలిచి పొక్కుతుంది. ఇంకొక సంగతి: ఒకరి కత్తి మరొకరికి పనికిరాదు. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. మన దేశంలో హెచ్.ఐ.వి. 1986లో బయటపడింది. ఆ తరువాత దుకాణాల్లో క్రమంగా బ్లేడు మార్చే కత్తులు వచ్చాయి. పట్టు మాత్రం పాతదే. కొత్త బ్లేడు మీ ఎదుటే విప్పమని అడగండి. అడగడంలో మొహమాటం వద్దు.

ఒకప్పుడు మన చాలా ఊళ్లలో పెళ్లికి సన్నాయి, కురుపుకి కత్తిగాటు, పురుటికి మంత్రసాని నాయీబ్రాహ్మణుల ఇళ్ల నుంచే వచ్చేవారు. ఆ చేతికి ఎంతో విద్య తెలుసు. మనం మాత్రం దాన్ని పనే అన్నాం గాని చదువు అనలేదు. కళ్లు మూసుకుని మెడ అప్పగించేటంత నమ్మకం మనకు మరెవరి మీద వుంది? ఈసారి కుర్చీలో కూర్చున్నప్పుడు ఆ వేళ్లను ఒక్కసారి గమనించండి. పట్టా లేకపోయినా వారూ ఆచార్యులే.