రంపం మిషన్ ఆయిల్ మూత కారుతోందా? ఇంట్లోనే సరిచేసుకుందాం

ఈ వారం పాఠం చైన్ రంపం గురించి.

కోలారు, చింతామణి, హోసూరు వైపు చెట్టు మల్బరీ పెట్టిన మనం ముదిరిన మొద్దులు కొయ్యడానికి ఈ రంపం వాడుతున్నాం. ఆయిల్ కారితే పోయేది ఆయిల్ ఖర్చొకటే కాదు. పట్టుపురుగు ఊపిరి తీసుకునేది ఒంటికి ఒక్కో పక్క ఉండే 9 చిన్న రంధ్రాలతో. నూనె చేతులతో ఆకు వేస్తే ఆ జిడ్డు పురుగుకి అంటి రంధ్రాలు మూసుకుపోతాయి. ఐదో దశలో ఉన్న పంటకి అట్లాంటి నష్టం మనం తట్టుకోలేం.

ముందు కారేది ఎక్కడో చూడాలి. పని ఆపినాక బార్ నుంచి కొన్ని చుక్కలు పడటం మామూలే. రంపాన్ని బాగా తుడిచి, బార్ కింద ఒక పేపరు, మూత కింద ఒక పేపరు పరిచి అరగంట ఉంచండి. మూత కింది పేపరు తడిస్తేనే తప్పు మూతది.

సరిచేసే పద్ధతి:

1. ఇంజన్ ఆపి, చల్లారినాక ప్లగ్ వైరు పీకండి.
2. మూత చుట్టూ ఉన్న రంపపు పొట్టు బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే మూత తియ్యండి. చానాసార్లు కారడానికి కారణం మరల్లో, రింగు కింద ఇరుక్కున్న పొట్టే.
3. మూతకున్న రబ్బరు రింగుని మొద్దు పుల్లతో తియ్యండి. కత్తి, స్క్రూడ్రైవర్ వద్దు, గాడి గీసుకుపోతుంది.
4. రింగు చీలినా, గట్టిపడినా, చదునైపోయినా కొత్తది వెయ్యాలి. పాత రింగు అంగడికి తీసుకుపోయి అదే సైజుది, ఆయిల్‌కి ఓర్చేది అడగండి. నీళ్ల కుళాయి వాషర్ నూనెకి ఉబ్బిపోవచ్చు.
5. గాడి, ట్యాంకు అంచు గుడ్డతో తుడిచి రింగు మెలి పడకుండా కూర్చోబెట్టండి.
6. మరల మూతైతే మొదట కొంచెం ఎడమకి తిప్పి, మర దిగినట్టు అనిపించినాక కుడికి బిగించండి. చేత్తో చాలు, కటింగ్ ప్లేయర్ పెడితే ప్లాస్టిక్ మర తెగుతుంది. మడత పిడి మూతైతే గుర్తులు కలిశాకే పిడి పడుకోబెట్టండి.

రింగు కొత్తదేసినా కారితే మూతలో చీలిక చూడండి, ఉంటే మూతే మార్చాలి. మూత పొడిగా ఉండి అడుగున కారితే ఆయిల్ పైపుదో పంపుదో తప్పు, మెకానిక్‌కి చూపించండి. ఎంసీల్ పూసి నెట్టుకురావద్దు. ఆయిల్ అందకపోతే బార్ నీలం తిరిగి చైను పాడవుతుంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆయిల్ కూడా చూస్కోండి.

మేపు ఇంటి జాగ్రత్త: రంపం, పెట్రోలు డబ్బా ఆకు గదిలో పెట్టొద్దు. నూనె పడిన ఆకు కడిగి వాడదామనుకోవద్దు, పారేయండి. రంపం పని చేసినోళ్లు సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చుకుని మేపు ఇంట్లోకి రావాలి.

మీ రంపం మూత ఏ రకమో గ్రూపులో ఫోటో పెట్టండి, రింగు ఎట్లా తియ్యాలో అందరం కలిసి చూద్దాం.