నీ రేటింగెంత?

పిల్లలూ, బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో సామాను పెట్టెల్లోకి చేరుతుంది. అందులో చదరంగం ఒకటి ఉంటే కొత్త ఊళ్లో తోడు దొరికినట్టే. అక్కడి భాష రాకపోయినా ఫరవాలేదు, గుర్రం ఎక్కడైనా ఒకేలా దూకుతుంది. ఒక బంటు పోతే చొక్కా గుండీ పెట్టి ఆడేవాళ్లను కూడా చూశాను.

ఈ మధ్య ఆట మొదలుకాకముందే "నీ రేటింగెంత?" అని అడగడం వింటున్నాను. తమకన్నా తక్కువ ఉన్నవాళ్లతో కొందరు ఆడనే ఆడరు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు నెలల తరబడి ఏ టోర్నమెంటుకూ వెళ్లలేదు. కారణం అడిగితే "ఉన్న పాయింట్లు పోతాయి టీచర్" అన్నాడు. ఇష్టంతో మొదలుపెట్టిన ఆటను భయంతో మానేశాడన్నమాట.

ఇంతకీ రేటింగంటే ఏమిటి? ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు రూపొందించిన లెక్క అది. ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే దాన్ని 1970లో స్వీకరించింది. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉందనుకోండి. వంద ఆటలు ఆడితే పైవాడికి సుమారు 76 పాయింట్లు, కిందివాడికి 24 వస్తాయని ఆ లెక్క అంచనా. అంటే పెద్ద ఆటగాడు అప్పుడప్పుడు ఓడటం వింతేమీ కాదు, లెక్కలోనే ఉంది. 18 ఏళ్లలోపు పిల్లలకు, 2300 దాటనంతవరకు, సమానుడి చేతిలో ఓడితే 20 పాయింట్లు తగ్గుతాయి, గెలిస్తే 20 పెరుగుతాయి. పిల్లల ఆట త్వరగా మారుతుంది కనుకే వాళ్లకు ఈ ఊగిసలాట ఎక్కువ.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. బిడ్డ పుట్టిన రోజుల్లో సుమారు రెండేళ్లు పోటీలకు దూరంగా ఉండి, తిరిగొచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. 2024లో న్యూయార్క్‌లో మొదటి రౌండులోనే ఓడారు. అయినా 11 రౌండ్లలో 8.5 పాయింట్లతో అదే టైటిల్ మళ్లీ ఆమెదే అయింది. విరామమూ ఓటమీ రెండూ ఆ ఆటలో భాగమే.

ఫోనులో వరసగా రెండు ఆటలు ఓడితే ఆ పూటకు ఆపేయండి. ఉక్రోషంతో ఆడే మూడో ఆటలో మంత్రిని ఊరికే పోగొట్టుకుంటాం. వారానికి ఒక్కసారైనా ఎదురుగా మనిషి ఉండగా, తీరిగ్గా ఆడండి. తాతగారుంటే దేశీ ఆట నేర్పమనండి. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. రేటింగు మాటే ఉండదు, కబుర్లు మాత్రం బోలెడు! పరీక్షల నెలలో ఆట పూర్తిగా మానమని నేను అనను. ఆదివారం ఒక ఆట చాలు.

అభ్యాసం: ఈ నెల మీరు ఓడిన ఒక ఆట ఎత్తులు రాసుకోండి. గెలిచినవారితోనే కూర్చుని, ఆట ఎక్కడ చేజారిందో చూడండి. ఆ సంగతి తెలుగులో అయిదు వాక్యాల్లో రాయండి. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు: వీటిలో నాలుగు మాటలైనా అందులో రావాలి.