బొమ్మా బొరుసూ – విత్తన పరీక్ష

రూపాయి నాణెము నెగురవేసినచో బొమ్మకును బొరుసుకును సమానావకాశము గలదు. కావున నూటికి 50 బొమ్మలు పడవలెను. ఇది ఊహ లెక్క. ఎగురవేసి చూచిన వచ్చునది అనుభవపు లెక్క. ఈ రెండును ఎప్పుడు దగ్గరపడును?

1940లో జర్మనులు డెన్మార్కు నాక్రమింపగా, అచ్చట నిర్బంధములో పడిన జాన్ కెరిక్ అను గణితశాస్త్రజ్ఞుడు సహచరునితో గూడి నాణెమును 10,000 మారులెగురవేసి ఫలితములను వ్రాసియుంచెను. మొదటి పదింటిలో బొమ్మలు 4, నూటిలో 44, పదివేలలో 5,067. సగమునకును వీనికిని తేడా 1, 6, 67గా పెరిగినది. నూటికి చూచినచో 10, 6, తుదకు ఒకటికన్న తక్కువ. వరుసగా బొరుసులు పడినవి గనుక ఇక బొమ్మయే పడునని జూదరు లనుమాట వట్టిది. నాణెమునకు జ్ఞాపకము లేదు.

పది గింజలు మొలకకట్టి, ఆరే మొలచినవని విత్తును త్రోసివేయు రైతులను మేము చూచుచుందుము. నూటికి 80 మొలచు మంచి విత్తులోనుండి తీసిన పదింటిలోను, ఎనిమిది పరీక్షలకొకమారు ఆరుగాని అంతకు తక్కువగాని మొలచును. నూరు గింజలు కట్టినచో 60కి దిగుట బహు అరుదు. బస్తా పైనుండి, నడుమనుండి, అడుగునుండి గింజలు తీసి కలిపి, ఏరకుండ నూరు లెక్కించి, తడి గోనెలో చుట్టి చూడుడు.