జంట సైకిలు – ఒక పరిశీలన

మన కొడంగల్ ప్రాంతంలో డబుల్ సవారీ అనగానే అందరికీ స్ఫురించే దృశ్యం ఒక్కటే. ఒకడు సీటుపై కూర్చుండి తొక్కుతాడు. రెండవవాడు వెనుక కారియరుపైనో, ముందు కడ్డీపైనో పుస్తకాల సంచి ఒడిలో పెట్టుకొని కూర్చుంటాడు. సవారీ అన్న మాటకు తెలుగు తరగతిలో గాని, ఉర్దూ తరగతిలో గాని అర్థం చెప్పనక్కరలేదు. అయితే ఇందులో ఇద్దరున్నా తొక్కేవాడు ఒక్కడే. రెండవవాడు బరువు మాత్రమే. ఇద్దరూ తొక్కడానికే నిర్మించిన సైకిలు వేరొకటి కలదు. దానిని టాండెం అంటారు. మనం జంట సైకిలు అనుకొందాం.

దాని నిర్మాణం తెలిసికొంటే తక్కిన సంగతులు సులభంగా బోధపడతాయి. చక్రాలు రెండే. పొడవైన ఒకే చట్రంపై సీట్లు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. పెడళ్ళు రెండు జతలు. ముందు పెడళ్ళ ఇరుసును వెనుక పెడళ్ళ ఇరుసుతో ఒక చైను కలుపుతుంది. అక్కడి నుండి మరొక చైను వెనుక చక్రాన్ని తిప్పుతుంది. అందువలన సాధారణంగా నలుగు పాదాలూ ఒకే వేగంతో తిరుగవలసిందే. ఒకరు చెప్పకుండా ఆగితే రెండవవారి కాళ్ళకు కుదుపు తగులుతుంది. వెనుక హ్యాండిలు పట్టుకొనడానికే గాని తిరుగదు. దారి చూడడం, మలపడం, సాధారణంగా బ్రేకు వేయడం కూడా ముందువాని పని.

1888లో డన్లప్ గాలి టైరు కనిపెట్టిన తర్వాత, 1890ల నాటికి ఐరోపాలో ఈ సైకిళ్ళు బాగా వ్యాపించాయి. ఒలింపిక్ క్రీడలలో 1908లో వీటి పందెం జరిగింది. 1972 మ్యూనిక్ క్రీడల తర్వాత దానిని తొలగించారు.

భౌతికశాస్త్ర విద్యార్థులు ఒక చిన్న లెక్క వేయవచ్చు. ఒక్కొక్కరి బరువు 60 కిలోలు, సైకిలు 20 కిలోలు, ఒక మనిషి ఎడతెగక ఇవ్వగల శక్తి 100 వాట్లు అనుకొందాం. 20 మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తుపై కారియరు సవారీ గంటకు సుమారు 5 కిలోమీటర్ల వేగంతోనే సాగుతుంది. అది నడక వేగమే. టైరు రాపిడి కూడా లెక్కిస్తే ఇంకా తక్కువ. అందుకే ఎత్తు రాగానే వెనుకవాడు దిగుతాడు. జంట సైకిలు 25 కిలోలున్నా శక్తి 200 వాట్లు గనుక, అదే ఎత్తును గంటకు సుమారు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతుంది. ఒంటరిగా పోయేవాని వేగం కూడా ఇంచుమించు అంతే. చదును నేలపై లాభం మరింత ఎక్కువ. వెనుకవాడు ముందువాని చాటున ఉంటాడు గనుక గాలి ఒత్తిడి రెండింతలు కాదు, బలం మాత్రం రెండింతలు. దిగుడులో మాత్రం జాగ్రత్త అవసరం. అంత బరువును ఆపడంలో బ్రేకులు, రిమ్ములు బాగా వేడెక్కుతాయి. అనంతగిరి వంటి కొండదారికి మామూలు బ్రేకులు చాలవు.

ఈ విషయం మేము ఎన్నుకొనడానికి కారణం వేరే ఉన్నది. ఈ వ్యాసం వ్రాస్తున్న మా ఇద్దరిలో ఒకనికి చూపు ఆనదు. ఊరి నుండి కళాశాలకు వచ్చిన రెండేండ్లూ అతని స్థానం కారియరే. ఎదురుగాలి వీచిన రోజున ముందువాని రొప్పు వింటూ ఊరకే కూర్చోవడం అతనికి మహా కష్టంగా ఉండేది. దిగి నడుస్తానంటే రెండవవాడు ఒప్పుకొనేవాడు కాదు. ఈ మాటపై మేము పోట్లాడుకొన్న రోజులు కూడా ఉన్నవి.

జంట సైకిలు వెనుక సీటుకు కన్నులతో పని లేదు, కాళ్ళు చాలు. పారాలింపిక్ క్రీడలలో చూపులేనివారి పందేలు దీనిపైనే జరుగుతాయి. 2012లో లండన్‌లో బ్రిటన్‌కు చెందిన నీల్ ఫేచీ, ముందు సీటున బార్నీ స్టోరీ ఉండగా, కిలోమీటరు పందెంలో స్వర్ణపతకం గెలిచాడు. పతకం ఇద్దరికీ ఇచ్చారు. మన దేశంలో పూణెకు చెందిన అంధుడు దివ్యాంశు గణత్రా 2016లో మనాలి నుండి ఖర్దుంగ్ లా వరకు జంట సైకిలుపై వెళ్ళాడు. ఆ కనుమ 5,000 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నది.

కావున క్రీడాసామగ్రి కొనే సమయంలో ఇట్టి సైకిలు ఒకటి తెప్పించవలసిందని కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాము. రెండు పాత సైకిళ్ళను కోసి వెల్డింగు చేయిస్తే చౌకగదా అని మిత్రులు కొందరన్నారు. మేము ఒప్పుకొనలేదు. నడిమి అతుకు ఇద్దరి బరువుకూ మెలి తిరిగి విరిగే ప్రమాదమున్నది. వెనుక చక్రానికి గట్టి పుల్లలు కూడా కావలెను.

సైకిలు వచ్చిన వెంటనే రోడ్డెక్కరాదు. తాండూరు దారిలో బండల లారీలు తిరుగుతుంటాయి. మొదట ఉదయం వేళ కళాశాల మైదానంలో అభ్యాసం చేయాలి. బయలుదేరేటప్పుడు ముందువాడు రెండు కాళ్ళూ నేలపై ఊని సైకిలును నిలబెట్టాలి. వెనుకవాడు ఎక్కి, పాదాలు పెడళ్ళపై పెట్టి "సరే" అనాలి. ఆ తర్వాత గుంత, మలుపు, బ్రేకు – ప్రతిదీ ముందువాడు నోటితో చెబుతూ ఉండాలి. మాలో ముందు కూర్చునేవాడు మితభాషి. ఆ సాధన అతడు ఇప్పుడే ప్రారంభించాడు.