వేసవి తొలినాళ్ల చెదురు జల్లులు – హసన్‌పర్తి ప్రాంతపు కాపులు గమనింపవలసిన సంగతులు

ఓరుగల్లు సీమలో హసన్‌పర్తి చుట్టుపట్ల గ్రామములయందు ఉగాది దాటినది మొదలు మృగశిర కార్తె ప్రవేశించువఱకు గల కాలము కాపునకు తీరికకాలమని పలువురు తలంతురు. అది సరిగాదు. యాసంగి వరి గింజ గట్టిపడుటయు, మిరపకాయలు కళ్లములందు ఆరుటయు, మామిడిపిందె కాయ యగుటయు ఈ దినములలోనే జరుగును. మధ్యాహ్నము నిప్పులు చెఱగిన ఆకాశము సాయంకాలమునకు నల్లబడి, గాలి లేచి, ఒక్క గడియలో సంవత్సరపు కష్టమును తడిపిపోవుటయు ఈ దినములలోనే కలదు.

ఈ సీమలో పగటి వేడిమి మార్చి నెలలో సుమారు 35, 36 డిగ్రీలును, ఏప్రిలులో 38, 39 డిగ్రీలును, మే నెలలో 41 డిగ్రీల దరిదాపును ఉండుట వాడుక. హసన్‌పర్తి భూమధ్యరేఖకు ఉత్తరమున ఇంచుమించు 18 డిగ్రీల దూరమున నున్నది. అందుచేత మే రెండవ వారమున, అనగా కృత్తిక కార్తె ఆరంభదినములలో, సూర్యుడు నడినెత్తికి వచ్చి నిలువు కొయ్యకు నీడ లేకుండును. వేడిమి ఆనాటితో తగ్గదు. నేల కాగి యుండుటచేత రోహిణి కార్తెలోను ఎండ మండుచునే యుండును. నిజాము రాజ్యపు దఫ్తరములలో ఏప్రిలు, మే నెలలు ఖుర్దాదు, తీరు అను ఫసలీ పేళ్లతో వ్రాయబడెడివి. కాపులు మాత్రము అప్పుడును కార్తెలనే లెక్కించిరి.

ఇంత యెండలో వాన యెట్లు కలుగునని సందేహము రావచ్చును. వాయవ్యమునుండి వచ్చు వేడిగాలి పొడిది. బంగాళాఖాతముమీదినుండి వచ్చు గాలి తడిది. విదర్భనుండి దక్షిణముగా సాగు ద్రోణి వెంబడి ఈ రెండును కలిసికొనినప్పుడు, కాగిన నేలపై గాలి వేగముగా పైకి లేచి, మధ్యాహ్నము దాటిన పిమ్మట ఎత్తయిన మేఘములుగా మాఱును. ఆ మేఘము వెడల్పు కొద్ది క్రోసులే. కావుననే ఒక యూర వడగండ్లు పడగా, పక్క యూర దుమ్ము మాత్రమే లేచును. నైరృతి ఋతుపవనపు ముసురు వంటిది కాదిది.

వాతావరణ శాఖవారి ప్రకటనలలోని మాటలకు కొలతలు కలవు. వాన కొలుచు కేంద్రములలో నాలుగవ వంతుకు మించక పడినచో ‘ఒకటి రెండు చోట్ల’ అనియు, అంతకు మించి సగమువఱకు పడినచో ‘కొన్ని చోట్ల’ అనియు వారి లెక్క. ‘ఒకటి రెండు చోట్ల జల్లులు’ అని విని వాన తన పొలమున పడలేదని ప్రకటనను నిందించుట తగదు. పడదని నమ్మి మిరపను విప్పియుంచుట అంతకన్నను తగదు. అట్లే మైదానములలో వేడిమి 40 డిగ్రీలు చేరి, ఆ తావునకు వాడుకగా నుండుదానికన్న నాలుగున్నర డిగ్రీలు హెచ్చినప్పుడు దానిని వడగాలి యందురు. ‘వేడిమి క్రమముగా రెండు మూడు డిగ్రీలు పెరుగును’ అన్న దినములన్నియు వడగాలి దినములు కావు. కోతకును ఆరబోతకును అవియే మేలైనవి.

మిరపయే ఇందు మిక్కిలి నష్టపడు సరకు. తడిసిన కాయ రంగు తప్పి తాలుగా దిగును. బూజు పట్టినచో అందు విషము పుట్టును. కళ్లమును చదునైన మిట్టపై వేసి, చుట్టును కాలువ తీసి, టార్పాలిన్ పట్టాలను ప్రక్కనే ఉంచుకొనవలెను. మధ్యాహ్నము మూడు గంటలకు పడమట గాని ఉత్తరమున గాని మేఘము కట్టినచో వాన వచ్చునో రాదో యని చర్చింపక కాయను కుప్పచేసి కప్పవలెను. కప్పిన పట్టాను మఱునాడు ప్రొద్దుటనే తీయనిచో లోపలి ఆవిరియే వానపని చేయును. కోతకు వచ్చిన వరి వానకు తడిసి మొలకెత్తు సూచన కనబడినచో లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులపై చల్లవలెను. మామిడితోటలలో గాలికి రాలిన కాయలను వెంటనే ఏఱి వేఱుచేయవలెను.

ఈ జల్లులవలన మేలును కలదు. చలక నేల మొదటి వానకు మెత్తబడగానే వాలునకు అడ్డముగా లోతుదుక్కి దున్నినచో, తర్వాతి వాన చాళ్లలో నిలిచి ఇంకును. తుంగగడ్డలు ఎండకు మాడును. ఆముదపు చేలను తినివేయు ఎఱ్ఱగొంగళిపురుగు కోశములు పైకి వచ్చి పక్షులపాలగును. చెఱువులలో నీరు తగ్గిన ఈ కాలమే పూడికమట్టి తోలుటకును తగినది. ఆ మట్టి చలకకు తేమ నిలుపు శక్తి నిచ్చును.

పిడుగుమాట మఱవరాదు. మెఱుపు కనబడినది మొదలు ముప్పది లెక్కించులోపల ఉఱుము వినబడినచో, పిడుగు సుమారు 10 కిలోమీటర్ల లోపున నున్నదని తెలియవలెను. అప్పుడు తాటిచెట్టు క్రిందను, చింతచెట్టు క్రిందను నిలువక పక్కాయింటిలోనికి పోవలెను. కడపటి ఉఱుము వినబడి అరగంట గడచువఱకు పొలమునకు మరలరాదు. పశువులను చెట్లకు కట్టివేసి తాము మాత్రము ఇల్లు చేరుట కొందఱి యలవాటు. అది పశువును పిడుగునకు అప్పగించుటయే.

ఇక విత్తనముమాట. రోహిణిలో ఒక మంచి జల్లు పడగానే ప్రత్తి విత్తుట ఈ ప్రాంతమున ఏటేట కనబడు తొందర. ఋతుపవనము ఇచ్చటికి సాధారణముగా జూన్ రెండవ వారమునగాని రాదు. నడిమి దినములలో ఎండ నిలిచిన నీటినుండి దినమునకు 10 మిల్లీమీటర్లవఱకు ఆవిరిగా లాగగలదు. 20 మిల్లీమీటర్ల వానకు మొలచిన మొక్క వారము తిరుగకయే వాడును. విత్తనపు సొమ్ము రెండవమాఱు అప్పుగా తేవలసివచ్చును. తేలికనేలలలో మొత్తము 50 నుండి 60 మిల్లీమీటర్లును, నల్లరేగడిలో 60 నుండి 75 మిల్లీమీటర్లును పడిన పిమ్మటనే ప్రత్తి విత్తవలెను. వానను కొలుచుటకు పరికరము లేనివారు అడుగు చదునుగాను, ప్రక్కలు నిలువుగాను ఉన్న డబ్బాను చెట్లకును గోడలకును దూరముగా ఉంచి, వాన వెలసిన వెంటనే అందలి నీటి లోతును స్కేలుతో కొలిచి, తేదీతో గోడపై వ్రాసికొనవలెను. 25 మిల్లీమీటర్లు ఒక అంగుళము. పొడిచలకను జానెడు లోతు తడిపిన వాన రేగడిలో అందు సగము లోతునకే దిగును. గనుక డబ్బా చూచినవాడు గడ్డపాఱతో నేలనుకూడ త్రవ్విచూడవలెను.