యజమాని మరణించిన తర్వాత బండి బీమా

బ్యాంకులో గుమాస్తాగా ఉన్నప్పుడు, డిపాజిట్ కాగితాలతో వచ్చిన వారసులను ఇంట్లోని బండి సంగతి కూడా అడిగేవాణ్ణి. చాలామంది దాన్ని మరచిపోయేవారు.

యజమాని పోగానే పాలసీ రద్దు కాదు. మరణించిన తేదీ నుండి 3 నెలలు లేదా పాలసీ గడువు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఆలోగా మరణ ధ్రువపత్రం, పాలసీ, బండి తమకు చెందిందనే ఆధారం ఇచ్చి వారసులు పేరు మార్పించుకోవాలి.

రవాణా కార్యాలయానికి 30 రోజుల్లో తెలిపి, 3 నెలల్లో ఫారం 31 ఇవ్వాలి. ఇది కేంద్ర నిబంధన; కర్ణాటకైనా, ఒడిశా అయినా ఒకటే.

నాన్నగారి బండిపై కాలేజీకి వెళ్లే విద్యార్థులారా! గడువు దాటాక ఎవరికైనా దెబ్బ తగిలితే, పరిహారం మీ కుటుంబమే కట్టవలసి రావచ్చు. చదువుకు దాచిన సొమ్ము దానికే పోతుంది. కనుక పాలసీ తేదీని ఈ రోజే చూడండి.