సంగటి ముద్ద, సాయంకాలపు నడక

గోరంట్లలో పుట్టి ఇక్కడే సేద్యం చేసినవాణ్ణి. డెబ్బై దాటాను. తిండి గురించీ ఒంటి గురించీ నేను ఆలస్యంగా తెలుసుకున్న మాటలు కొన్ని, మీకు వేళ ఉండగానే చెబుతున్నాను నాయనా.

1. పేదల తిండని దేన్నీ చిన్నచూపు చూడకండి.
మా చిన్నప్పుడు రాగిసంగటి, కొర్రన్నం, ఉలవచారే తిండి. వరి అన్నం పండగకే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి ఎన్నో కడుపులు నింపింది. ఆ మేలు మరువరానిది. కానీ మూడు పూటలా తెల్లన్నం తినడమే గొప్పతనమని మేమనుకున్నాం. చేలల్లో కొర్రా సజ్జా పోయి వేరుశనగ నిండింది. వంటింట్లో సంగటి కట్టె మూలపడింది. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదోవంతైనా ఉండదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించేనాటికి, మా వీధి పిల్లల్లో చాలామందికి కొర్రన్నం రుచే తెలియదు.

2. పని తగ్గితే ముద్ద కూడా తగ్గాలి.
మడక పట్టి పొద్దు వాలేదాకా దున్నినవాడికి రెండు ముద్దలు చాలేవి కావు. ట్రాక్టరు వచ్చింది, మోటారు సైకిలు వచ్చింది, కంచంలో కొలత మాత్రం మారలేదు. రాగులు మంచివే అయినా అవీ పిండి పదార్థమే. ముద్ద చిన్నది చేసి పప్పు, ఆకుకూర, ఉలవలు పెంచుకుంటేనే షుగరు అదుపులో ఉంటుంది.

3. నొప్పి లేదని నమ్మి ఊరుకోకండి.
మా అన్న ఏ పూటా ఊరగాయ లేనిదే తినేవాడు కాదు. తల తిరుగుతోందంటే ఎండ దెబ్బ అనుకున్నాం. రక్తపోటు ఉందని తెలిసేసరికే పక్షవాతం వచ్చింది. పరీక్షకు తీసుకెళ్ళలేదన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. రోజుకు ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక టీ చెంచా, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం, బజ్జీల్లోని ఉప్పు కూడా ఆ చెంచాలోదే.

4. కూర్చుని బతికేవాళ్ళు నడకను కూలిపనిలా తప్పక చేయాలి.
ధర్మవరంలో గుంట మగ్గం ముందు పొద్దంతా కూర్చునే నేతగాళ్ళ నడుము నొప్పులు చూశాను. ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టులకెళ్ళే పిల్లలనూ, బెంగళూరు ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళనూ చూస్తున్నాను. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మా ఊరి మాధవరాయస్వామి గుడి వైపో చిత్రావతి ఏటి గట్టు మీదో నడిస్తే రూపాయి ఖర్చు లేదు. కండ బలం తగ్గకుండా వారానికి రెండు రోజులు బరువు పనీ చేయండి.

5. ఎన్నేళ్ళు బతికామన్నదాని కంటే ఎవరి చేయీ పట్టుకోకుండా ఎన్నేళ్ళు బతికామన్నది ముఖ్యం.
నేల మీద కూర్చుని తిని నా అంతట నేను లేవగలగడం, చేను దాకా వెళ్ళి రాగలగడం, రాత్రి హాయిగా నిద్రపోవడం: ఈ వయసులో నాకు తెలిసిన సుఖం ఇదే. మా అన్న చివరి ఏళ్ళలో దీనికే అల్లాడాడు.

ముప్పై దాటినవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు పరీక్షలు ఉచితంగా చేస్తారు. ఈ వారమే వెళ్ళండి. మీ అమ్మానాన్నలనూ వెంటబెట్టుకుని వెళ్ళండి.